వచ్చిపోయే లోపం: పాత కారు పెట్రోలు పంపు పరీక్ష

రోగాలలో కనిపెట్టడానికి మిక్కిలి కష్టమైనది వచ్చిపోయే రోగం. దినం విడిచి దినం కాచే జ్వరాన్ని మన వైద్యులు విషమజ్వరమన్నారు. ఉర్దూలో నౌబతీ బుఖార్ అంటారు. జ్వరం లేని పూట చూచిన వైద్యునికి రోగి ఆరోగ్యవంతుడుగానే కనిపిస్తాడు. పాత కారులోని పెట్రోలు పంపు సంగతి కూడా ఇట్టిదే. సామర్లకోటలో బయలుదేరిన అంబాసిడర్ కాకినాడ చేరకముందే ఆగిపోతుంది. పావుగంట ఊరకుంటే మరల కదులుతుంది. మెకానిక్కు ముందు నిలిపేసరికి ఏ దోషమూ లేదు. అతడు పంపు మార్చి పంపుతాడు. వారం తిరగకుండా మరల అదే కథ. ఆ కారులో ఆసుపత్రికి పోయే గర్భిణి ఉన్నదనుకోండి, అప్పుడిది కేవలం యంత్రం సంగతి కాదు.

అంబాసిడర్ ఉత్పత్తి 2014లోనే ఆగిపోయింది. కనుక మంచి పంపును ఊహమీద విప్పి పారవేయడం బొత్తిగా తగదు.

మెకానిక్కులు ఏసీ పంపు అని పిలిచే ఈ సాధనం ఇంజను పక్కన బిగించి ఉంటుంది. క్యామ్ షాఫ్టు తిరిగినప్పుడు ఒక మీట డయాఫ్రం అనే పలుచని పొరను క్రిందికి లాగుతుంది; టాంకు నుండి పెట్రోలు పీల్చబడుతుంది. తరువాత స్ప్రింగు ఆ పొరను పైకి నెట్టగా పెట్రోలు కార్బురేటర్‌కు పోతుంది. ఇందులో గమనింపదగినది ఒకటి ఉన్నది. టాంకుకు, పంపుకు నడుమనున్న గొట్టంలో జరిగేది పీల్చుకోవడం. అక్కడ బీట ఉంటే నడిచే బండిలో పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి చొరబడుతుంది. అందువలన కంటికి తడి కనిపించదు.

టాంకు మూతకు గల సన్నని రంధ్రం మూసుకుపోయినా ఇదే ఫలితం. పెట్రోలు తరిగినకొద్దీ లోపల శూన్యం పెరిగి, పంపు లాగలేకపోతుంది. కాసేపు ఆగితే గాలి మెల్లగా చేరి బండి నడుస్తుంది. వేసవిలో గేటు పడి నిలిచినప్పుడు ఇంజను వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరి కావడం మరొక కారణం. పంపుకు తడిగుడ్డ చుట్టగానే బండి కదిలితే అందరూ వేడినే నిందిస్తారు. కాని గుడ్డ తడిపి చుట్టేలోగా మూత గుండా గాలి కూడా చేరి ఉండవచ్చును గదా! మన తర్కశాస్త్రం అన్వయంతో తృప్తిపడక వ్యతిరేకాన్ని కూడా అడిగింది ఇందుకే. ఒకసారికి ఒక్కదానినే మార్చి చూడవలెను.

కనుక బండి ఆగిన క్షణమే పరీక్షకు తగిన సమయం. మొదట కాయిల్ తీగ ఊడదీసి నిప్పురవ్వ లేకుండా చేయాలి. బీడీలు దూరంగా ఉండాలి. కార్బురేటర్ వద్ద గొట్టం విప్పి, దానికి పొడవైన రబ్బరు గొట్టం తగిలించి, వేడి సైలెన్సరు గొట్టానికి దూరంగా ఒక సీసాలో ఉంచి ఇంజనును స్టార్టరుతో త్రిప్పండి. పెట్రోలు ఉండి ఉండి బలంగా చిమ్మితే పంపు నిర్దోషి. కాయిల్‌ను, కండెన్సరును, కార్బురేటర్ సూదిని అనుమానించండి. చిమ్మకపోతే టాంకు మూత తీసి మరల త్రిప్పండి. ఇప్పుడు వస్తే దోషం మూతదే. అప్పటికీ రాకపోతే పంపు పీల్చే వైపు గొట్టం విప్పి, వేరొక డబ్బాలోని పెట్రోలును దానికి అందించండి. వస్తే వెనుక గొట్టమో, ఫిల్టరో చూడాలి. రాకపోతేనే పంపు విప్పాలి. అప్పుడు కూడా వాల్వు క్రింద ఇరుకుకున్న చిన్న నలుసే కారణం కావచ్చు.

నేటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నది. దానికి తట్టుకొనేటట్లు చేయని పాత రబ్బరు ఉబ్బడం, పగలడం కద్దు. డయాఫ్రం చిల్లుపడితే పెట్రోలు ఇంజను ఆయిల్‌లోకి దిగుతుంది. పుల్ల తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తుంది. అట్టి బండిని ఇక ఒక్క మైలు కూడా నడపరాదు. డయాఫ్రంతోపాటు ఆయిల్ కూడా మార్చవలసినదే.