పాత కారులో మిస్సింగ్: భాగం మార్చే ముందు పరీక్ష

ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్న విద్యార్థుల కోసం ఈ పాఠం. ఇంట్లో పాత పెట్రోలు కారు ఉన్న తల్లిదండ్రులు కూడా చదవవచ్చు. షెడ్డులో "సెన్సరు పోయింది, మార్చాలి" అన్నప్పుడు ఏమి అడగాలో తెలుస్తుంది.

మిస్సింగ్ అంటే ఏమిటి?

సిలిండరులోని పెట్రోలు, గాలి మిశ్రమం సరైన సమయంలో సరిగా మండకపోవడాన్ని మిస్‌ఫైర్ అంటారు. షెడ్లలో దీన్నే మిస్సింగ్ అంటారు. మారుతి 800 కారును ఉదాహరణగా తీసుకుందాం. దీని తయారీ 2014లో ఆగిపోయింది. ఇందులోది 796 సి.సి., మూడు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజను. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేసరికి ప్రతి సిలిండరు ఒకసారి మండాలి. 720ని 3తో భాగిస్తే 240. అంటే ప్రతి 240 డిగ్రీలకు ఒక శక్తి స్ట్రోకు వస్తుంది. నిమిషానికి 900 చుట్ల వేగంలో మూడు సిలిండర్లూ కలిసి 1,350 సార్లు మండాలి. ఒక సిలిండరు పూర్తిగా ఆగితే అందులో 450 పోతాయి. ఇంజను అంతగా ఊగడానికి కారణం ఇదే.

కారణాలు మూడు వర్గాలు

1. నిప్పురవ్వ: ప్లగ్గు, ప్లగ్ వైరు, కాయిల్.
2. మిశ్రమం: ఇంజెక్టరు, పెట్రోలు ప్రెషరు, పగిలిన వాక్యూమ్ గొట్టం, తప్పు చెప్పే సెన్సరు.
3. కంప్రెషన్: వాల్వులు, పిస్టన్ రింగులు, హెడ్ గాస్కెట్.

ముందుగా ప్లగ్గులు విప్పి చూడాలి. కొన లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగున్నట్లు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. ఇంజను ఆయిలు తడి ఉంటే రింగులు లేదా వాల్వు సీళ్లు అరిగి ఉండవచ్చు.

ఒక సిలిండరులోనే మిస్సింగ్ ఉంటే దాని ప్లగ్గును పక్క సిలిండరులోకి మార్చి చూడండి. మిస్సింగ్ ప్లగ్గుతోపాటు పక్కకు వెళితే తప్పు ప్లగ్గుదే. వెళ్లకపోతే వైరు, ఇంజెక్టరు, చివరగా కంప్రెషన్ పరీక్షించాలి. ఐడ్లింగ్‌లో మిస్సింగ్ ఉండి వేగం పెంచితే తగ్గుతుంటే వాక్యూమ్ గొట్టాలలో చీలిక కోసం వెదకాలి.

కోడు చెప్పేది, చెప్పనిది

ఇంజనును నడిపే కంప్యూటరు ఇ.సి.యు. తప్పు కనిపెట్టినప్పుడు ఇది చెక్ ఇంజన్ లైటు వెలిగించి ఒక కోడు దాచుకుంటుంది. ఓబీడీ-2 ఉన్న కార్లలో పి0301 అంటే ఒకటవ సిలిండరులో మిస్‌ఫైర్. పి0118 అంటే కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సరు సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కువగా ఉందని అర్థం. "సెన్సరు మార్చు" అని ఆ కోడు చెప్పదు. వైరు తెగినా, కనెక్టరు ఊడినా అదే కోడు వస్తుంది.

ఒక లెక్క

కూలెంట్ సెన్సరు వేడెక్కే కొద్దీ దాని నిరోధకత తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు ఉంటుంది. మీ బండి విలువలను దాని సర్వీసు మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఒక కారు కనెక్టరు పిన్నుకు చిలుము పట్టి 2,200 ఓముల అదనపు నిరోధకత ఏర్పడిందనుకుందాం. ఇంజను 80 డిగ్రీలకు చేరింది. సెన్సరు 300 ఓములు చూపుతోంది. కానీ ఇ.సి.యు.కు కనబడేది 300 + 2,200 = 2,500 ఓములు. ఇంజను 20 డిగ్రీల చల్లదనంలో ఉందని నమ్మి అది పెట్రోలు ఎక్కువ పోస్తుంది. నల్లపొగ వస్తుంది, ప్లగ్గులు మసిబారుతాయి, మిస్సింగ్ మొదలవుతుంది. 20 డిగ్రీలు సాధ్యమైన విలువే కాబట్టి చాలా పాత ఇ.సి.యు.లలో కోడు కూడా రాదు. కొత్త ప్లగ్గులు వేస్తే మళ్లీ మసిబారుతాయి. కొత్త సెన్సరు వేసినా చిలుము అక్కడే ఉంటుంది.

పరీక్ష సులభం. ఇగ్నిషన్ ఆపి, సెన్సరు వద్ద ఓములు కొలవండి. తరువాత సెన్సరు కనెక్టరు తగిలించి, ఇ.సి.యు. కనెక్టరు విప్పి, ఆ వైర్ల చివర కొలవండి. రెండు కొలతల మధ్య తేడా ఎక్కువగా ఉంటే దోషం వైర్లలో లేదా కనెక్టరులో ఉంది. యానాం వంటి ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ పరీక్ష మరీ అవసరం.

జాగ్రత్తలు

ఇంజను నడుస్తుండగా ప్లగ్ వైరు లాగవద్దు. షాకు కొడుతుంది. మండని పెట్రోలు సైలెన్సరు వైపు వెళ్లి కెటలిటిక్ కన్వర్టరును కరిగించవచ్చు. అందుకే మిస్సింగ్ ఉన్న బండిని ఎక్కువ దూరం నడపరాదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయరాదు.

అభ్యాసం

1. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరిగితే మొత్తం ఎన్నిసార్లు మండాలి?
2. సెన్సరు వద్ద 300 ఓములు, ఇ.సి.యు. చివర 1,300 ఓములు వచ్చాయి. ఏమి మార్చాలి?

జవాబులు: 1. 1,600 సార్లు. 2. సెన్సరు మార్చనవసరం లేదు. 1,000 ఓములు దారిలో ఉన్నాయి కాబట్టి కనెక్టరు శుభ్రం చేసి మళ్లీ కొలవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ట్రేడు చదివే పిల్లలకు మొదట కొనివ్వవలసిన పరికరం మల్టీమీటరు. కొన్ని వందల రూపాయలలో దొరుకుతుంది. కొలిచి చూపించి, అవసరమైన భాగమే మార్చే మెకానిక్‌ను వెదుక్కుంటూ బండ్లు వస్తాయి.