పౌరశాస్త్రం మనకెందుకు?



పది పాసవుతానే అందరూ ఎం.పి.సి., బై.పి.సి. అంటారు. నేను మాత్రం ఇంటర్‌లో సి.ఇ.సి., డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదవాలనుకుంటున్నాను. "లెక్కలు రానోళ్ల చదువు కదరా అది!" అని నవ్వినోళ్లున్నారు. వాళ్ల కోసమే ఈ వ్యాసం.

అధికారం ఎవరిది? దానికి హద్దు ఏది? అన్యాయం జరిగితే ఎవరిని అడగాల? ఈ మూడు ప్రశ్నలే రాజనీతి శాస్త్రం. ప్రభుత్వానికి శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలని మూడు అంగాలు. బట్టీ పడితే మర్చిపోతాం. మనకు తెలిసిన మూడు ఊర్లలో చూస్తే గుర్తుంటాయి.

హిందూపురం: ఇది లోక్‌సభ నియోజకవర్గం. దీని కింద పెనుకొండ, ధర్మవరంతో కలిపి 7 అసెంబ్లీ స్థానాలున్నాయి. 1967లో ఇక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి గారు లోక్‌సభ స్పీకర్ అయ్యారు. చట్టాలు చేసేవాళ్లను పంపేది మన ఓటే. 61వ సవరణ వల్ల 1989 నుంచి 18 ఏళ్లకే ఆ ఓటు వస్తోంది.

పెనుకొండ: 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని. అప్పుడు రాజు మాటే చట్టం. ఇప్పుడు అక్కడ రెవెన్యూ డివిజన్ ఆఫీసుంది. ఎంత పెద్ద అధికారైనా చట్టం చెప్పినట్టే చేయాల.

ధర్మవరం: పట్టుచీరల ఊరు. చీరల వంటి కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. మరమగ్గాల వాళ్లు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. దాన్ని అమలు చేయాల్సింది అధికారులు. చూశారా, ఒక్క చీరలో మూడు అంగాలూ ఉన్నాయి!

ఇక మన సంగతి. షెడ్యూల్డు తెగల జాబితా 342వ అధికరణం కింద ఉంది. దాంట్లో ఒక పేరు చేర్చాలన్నా, తీయాలన్నా పార్లమెంటే చట్టం చేయాల. రాష్ట్రంలో 175 అసెంబ్లీ స్థానాల్లో ఎస్.టి.లకు 7 ఉన్నాయి. హిందూపురం కింద ఉన్న 7 స్థానాల్లో ఒక్కటీ ఎస్.టి. స్థానం కాదు. కాబట్టి మన తండా వాళ్లకు దగ్గరి దారి పంచాయతీ. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ అక్కడ మనకు జనాభాను బట్టి సీట్లిచ్చింది, గ్రామసభనూ ఇచ్చింది. అమ్మానాన్నలు సభకు పోయి బోరు సంగతి, రోడ్డు సంగతి అడగాలంటే ఏం అడగాలో చెప్పేవాళ్లు ఇంట్లో ఒకరుండాల. ఆ ఒకరు మనమే కావాల.

ఈ వారం పేపర్లో ఒక్కో వార్త పక్కన శాసన, కార్యనిర్వాహక, న్యాయ అని రాసి చూడండి. తేలకపోతే సోషల్ సారునో, వార్డెన్ సారునో అడుగుదాం.

– పదవ తరగతి విద్యార్థి