ఎడారి గండిలో వసంత యాత్ర – ఒక పరిశీలన

కొండను కోసికొని నీరు పోవు ఇరుకుదారిని మన భాషలో 'గండి' అందురు. కడప జిల్లాలో ఎర్రమల కొండలను పెన్నానది చీల్చిన చోట వెలసిన కోటకు గండికోట అను పేరు కలిగినది. ఆ లోయ విశాలమైనది. అమెరికాలోని ఉటా, అరిజోనా రాష్ట్రముల ఎడారులందలి గండ్లు అట్టివి కావు. వాటిలో కొన్ని చోట్ల చేతులు చాచినచో ఇరువైపుల గోడలు తగులును. తలయెత్తి చూచినచో ఆకాశము సన్నని నీలిపట్టీవలె కనిపించును. ఇవి ఎట్లు ఏర్పడినవో, వీటిలో నడచువారు ఏమి తెలిసికొనవలెనో ఈ వ్యాసమున పరిశీలింతము.

అరిజోనాలోని యాంటిలోప్ గండిని ఉదాహరణగా గ్రహింతము. అది నవాహో ఇసుకరాతిలో ఏర్పడినది. సుమారు 19 కోట్ల సంవత్సరముల క్రిందట గాలి పోగుచేసిన ఇసుకదిబ్బలే కాలక్రమమున గట్టిపడి ఆ రాయియైనవి. వాననీరు రాతి పగుళ్లలో ప్రవేశించి, తాను మోసికొని వచ్చిన ఇసుకతో గోడలను ఆకురాయివలె అరగదీసినది. గోడలపై కనిపించు అలల వంటి వంపులన్నియు వరదలు చెక్కినవే. అనగా ఆ సౌందర్యమునకును, అచటి ప్రమాదమునకును మూలకారణము ఒక్కటే.

వసంతకాలమున ఎండ మితముగా నుండును గనుక నడకకు అది అనువైన ఋతువు. అయినను గండి అడుగున ఎండ సోకని గుంటలలో నీరు మిక్కిలి చల్లగా నుండును. జులై మొదలు సెప్టెంబరు వరకు ఉరుములతో కూడిన వానలు హెచ్చు. ఎడారి బండనేల నీటిని అంతగా పీల్చుకొనదు. అందుచేత ఎగువన కురిసిన వాన శీఘ్రముగా గండిలోనికి చేరును. 1997 ఆగస్టు 12న యాంటిలోప్ దిగువ గండిలో పదకొండుమంది యాత్రికులు ఇట్టి వరదలో మరణించిరి. వాన మైళ్ల దూరమున ఎగువన కురిసినది. వారున్న చోట కురిసినది స్వల్పమే.

వసంతమున మాత్రము వరద రాదనుకొనరాదు. జోర్డాన్ దేశమందలి పెట్రా నగరమునకు పోవు దారి, 'సీక్' అనునది, సుమారు 1,200 మీటర్ల పొడవుగల గండి. దాని ముఖద్వారమున నబాతీయులు రెండువేల సంవత్సరముల క్రిందటనే ఆనకట్ట కట్టి, సొరంగము తొలిచి వరదను ప్రక్కకు మళ్లించిరి. కాలగతిలో ఆ ఏర్పాటు శిథిలమైనది. 1963 ఏప్రిల్‌లో వచ్చిన వరదలో ఇరువదిమందికి పైగా యాత్రికులు ప్రాణములు కోల్పోయిరి. అటుపిమ్మట అచట ఆనకట్ట మరల నిర్మింపబడినది.

దీనివలన మనము నేర్వదగినది స్పష్టము. తలపై ఆకాశము నిర్మలముగా నున్నంత మాత్రమున క్షేమమని తలపరాదు. ఎగువ ప్రాంతపు వాతావరణమును ముందుగా విచారింపవలెను. స్థానికుల హెచ్చరికను పాటింపవలెను. నేడు యాంటిలోప్ గండిలోనికి మార్గదర్శి లేనిదే ఎవరికిని ప్రవేశము లేదు. విహారయాత్రలకు బయలుదేరు మన విద్యార్థులు వాగులు, జలపాతములు చూచునప్పుడును ఈ నియమమే వర్తించును. ప్రకృతిని దర్శించుటకు కన్నులు చాలును. దాని నుండి క్షేమముగా తిరిగివచ్చుటకు విజ్ఞానము కావలెను.