చేను నెంబరు వెంట పూర్వికుని దాక

తాతకు తాత పేరేమని అడిగినచో మన పల్లెలలో చాలమంది తడుముకొందురు. తద్దినము పెట్టునప్పుడు మూడు తరముల పేర్లు చెప్పుదుము. అంతకు పైన జ్ఞాపకము సాగదు. అయినను ఆ నాలుగవ తరము రైతు దున్నిన చేను మాత్రము ఊరిలోనే ఉన్నది. దానికి నెంబరున్నది, విస్తీర్ణమున్నది, నాలుగు హద్దులున్నవి. పందొమ్మిదవ శతాబ్దపు రైతును వెదకువారు పేరు వెంట పోరాదు, చేను వెంట పోవలెను. మేము ఈ పాఠములో చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

వంశవృక్షములు వ్రాసికొనువారి పని పంచాయతీకెందుకని కొందరు సభ్యులు అనుకొనవచ్చును. కాని పాత లెక్కలలోని గొలుసుకట్టు వ్రాత చదువగల వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. సముద్రముల కావల పుట్టిన నాలుగవ, అయిదవ తరమువారు ఒక కాగితము చేతబట్టుకొని వచ్చి, “మా పెద్దలది ఈ ఊరేనా?” అని అడిగినచో, వారు మొదట తొక్కు గడప పంచాయతీ కార్యాలయముదే. వారిని ఉత్తచేతులతో పంపివేయుటయో, సరియైన రిజిస్టరు దగ్గరకు దారి చూపుటయో సభ్యులపై ఆధారపడి ఉన్నది.

పేరు ఎందుకు వ్రాసిరి

దొరతనమువారు రైతు పేరును అతని గౌరవమునకై వ్రాయలేదు, శిస్తు వసూలునకై వ్రాసిరి. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో పాత లెక్కలలో ఎవరు కనబడుదురో, ఎవరు కనబడరో తెలియును. 1800లో దత్తమండలములు కుంపిణీవారి వశమైన పిమ్మట, అచ్చట కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతుతో నేరుగా లెక్క చూచుకొను పద్ధతిని అమలుపరచెను. ఉత్తర సర్కారులలో 1802 నుండి శాశ్వత పైసలా వచ్చి, జమీందారు మధ్య నిలిచెను. 1858 తరువాత మద్రాసు రాజధానిలోని రైత్వారీ గ్రామములను గొలుసుతో కొలిచి, ప్రతి చేనికి నెంబరు వేసి, మెట్ట, పల్లము అని విడదీసి, నేల తరమును బట్టి శిస్తు కట్టి, పట్టాదారు పేరు వ్రాసిరి. సుమారు ముప్పదేండ్లకు ఈ పైసలాను తిరుగ సవరించిరి. అట్లు సిద్ధమైనదే రీసెటిల్మెంటు రిజిస్టరు. దీనిని కొన్ని తావుల ఫెయిర్ అడంగలనియు, ఇంగ్లీషు, తెలుగు రెండును ఉండుటచేత కొన్ని తావుల డైగ్లాట్ అనియు పిలుతురు.

ఈ రిజిస్టరులో పట్టాదారు గడి యొకటి ఉన్నది. ఆ గడిలో పేరునకు బదులు చుక్కలు పెట్టి విడిచిన భూములనే జనులు చుక్కల భూములందురు. నాటి గుమాస్తా పెట్టిన నాలుగు చుక్కలు మునిమనుమల క్రయవిక్రయములకు అడ్డము వచ్చుటచే, 2017లో ఆంధ్రప్రదేశమున దీనికై ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చెను. పాత కాగితము పాతదే గదాయని తీసివేయుటకు వీలులేదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

వెనుకకు నడచు విధము

ఉదాహరణకు, రైత్వారీ గ్రామములో ఒక కుటుంబమునకు నేడు 87/2బి అను నెంబరుగల చేను ఉన్నదనుకొందము. పాసు పుస్తకములోని ఈ నెంబరులో మొదటి భాగమైన 87 అసలు చేను. గీతకు తరువాతిది పంపకములవలనను, అమ్మకములవలనను ఏర్పడిన ముక్క. తహసీల్దారు కార్యాలయములో రీసెటిల్మెంటు రిజిస్టరు చూచినచో 87కు నాటి పట్టాదారు ఎవరో, పట్టా నెంబరెంతో తెలియును. ఆ రిజిస్టరుకు ముందటి పైసలాలో ఆ చేనికి వేరొక నెంబరు ఉండవచ్చును. పాత, క్రొత్త నెంబర్లకు పొంతన చూపు పట్టిక దొరికినచో మరియొక ముప్పదేండ్లు వెనుకకు పోవచ్చును. ఏ యేట ఎవరు ఏ పైరు వేసినదియు అడంగలులో వ్రాయుచుండిరి గాని, ఏటేటి లెక్కలు గడువు తీరిన పిమ్మట చాలవరకు తీసివేయబడినవి. నిలిచినవి శాశ్వత రిజిస్టర్లే.

తేదీల విషయమున రెండు మాటలు. శిస్తు లెక్కలు ఫసలీ సంవత్సరములలో ఉండును. ఫసలీకి 590 కలిపినచో ఆ ఫసలీ మొదలైన క్రీస్తుశకము వచ్చును. మద్రాసు లెక్కలలో 1286 ఫసలీ అనగా 1876 జూలై నుండి 1877 జూన్ వరకు. దస్తావేజులలోనైతే ధాత, ఈశ్వర అని సంవత్సరము పేరే ఉండును. అరువది యేండ్లకు అదే పేరు మరల వచ్చును గనుక 1816 కూడ ధాతయే, 1876 కూడ ధాతయే. ఇంటిలో పెద్దలు “ధాత కరువులో మా వాళ్లు వలస వచ్చినారు” అని చెప్పినచో అది 1876–78 నాటి మహాకరువని గ్రహింపవలెను. గుంటూరు ప్రాంతమువారు చెప్పు నందన కరువు 1832–33 నాటిది.

ఆ కరువు కాలపు లెక్కలను జాగ్రత్తగా చదువవలెను. ఒక రైతు పేరు పట్టానుండి మాయమైనంతమాత్రాన అతడు చనిపోయెననుకొనరాదు. శిస్తు కట్టలేని రైతు రాజీనామా వ్రాసియిచ్చి చేను వదలుకొనవచ్చును. ఆ చేనికై వేరొకడు దర్ఖాస్తు పెట్టుకొనవచ్చును. వదలినవాడే కొన్నేండ్లకు తిరిగి వచ్చి వేరొక చేనికి దర్ఖాస్తు పెట్టుటయు సంభవమే. కడప, కర్నూలు, బళ్ళారి సీమలలో పూర్వికుని వెదకువారు ఈ రాజీనామా అను మాటను కన్ను తెరచి చూడవలెను. ఒక కుటుంబము విరిగిన సంగతి అంతయు కొన్నిసార్లు ఆ యొక్క మాటలోనే ఉండును.

పేర్ల చిక్కులు మరి కొన్ని. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. అందుచేత 1865లో కనబడిన పేరు 1900లో మరల కనబడినచో ఆ ఇద్దరు ఒక్కరు కాకపోవచ్చును, నడుమ తండ్రి ఒకడు ఉండవచ్చును. ఇంటిపేరు వ్రాయక పొడియక్షరముతో సరిపెట్టిన లెక్కలున్నవి. నలుగురన్నదమ్ములున్నను పట్టా పెద్దవాని పేరనే ఉండుటయు కలదు. తమ్ముడు పట్టాలో లేడు గనుక ఊరిలో లేడనరాదు. కౌలురైతు, పాలేరు, కూలి, ఇంటి ఆడువారు పట్టా లెక్కలలో తరచుగా కనబడరు. ఇది ఆ లెక్కల లోపమే గాని వారి లోపము కాదు.

వారిలో కొందరిని సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో చూడవచ్చును. దస్తావేజుల రిజిస్ట్రేషనుకు మన దేశమున 1864లో చట్టము చేసిరి. విక్రయము, తనఖా, దానము, భాగపంపిణీ వంటి కాగితములలో వ్రాసియిచ్చినవాని పేరు, తండ్రి పేరు, కులము, వృత్తి, కాపురముండు గ్రామము ఉండును. భర్త పోయిన స్త్రీ మైనరు కుమారుని సంరక్షకురాలిగా వ్రాసియిచ్చిన కాగితములు అందే దొరకును. హద్దులు మరింత విలువైనవి: “తూర్పు ఫలానావారి చేను, దక్షిణము వాగు” అని వ్రాసినప్పుడు ఇరుగుపొరుగు రైతులందరు ఆ కాగితములోనికి వత్తురు. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకమును, పేర్ల సూచికను, ఆస్తి సూచికను రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును, నకలు పొందవచ్చును.

ఈనాము భూములున్న ఇండ్లవారు మరింత అదృష్టవంతులు. 1858లో ఏర్పడిన ఈనాం కమిషను ప్రతి ఈనామును విచారించి, ఎవరు ఇచ్చిరి, మొదట ఎవరు పుచ్చుకొనిరి, నాటి అనుభవదారుని పేరేమి, వయస్సెంత, మొదటివానికి ఏమి కావలెను అని రిజిస్టరులో వ్రాసినది. 1860 ప్రాంతపు ఒక్క వరుసలో రెండు మూడు తరములు బయటపడుట ఇందే కలదు. గ్రామసేవకై భూమి పొందిన వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి కుటుంబములును ఇందు చూచుకొనదగును.

జమీందారీ గ్రామములలో ఈ సౌలభ్యము లేదు. రైతు పేరు కలెక్టరు కచ్చేరీకి గాక ఠాణా లెక్కలకే పోయెడిది. 1865 చట్టము ప్రకారము మారిన పట్టాలు, ముచ్చలికలు ఇండ్ల పెట్టెలలో మిగిలియున్నచో అవియే ఆధారము. తెలంగాణమున సాలార్‌జంగు కాలమున 1865లో జిల్లాలేర్పడి, ఆ తరువాతి దశాబ్దమున సర్వే ప్రారంభమైనది. అచ్చట మొదటి పైసలా పత్రమును సేత్వారు అందురు. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నుండి బయలుదేరి సేత్వారు వరకు వెనుకకు పోవలెను. నిజాం కాలపు కాగితములకు ఉర్దూ, పారసీ తెలిసినవారి తోడు కావలెను.

జనాభా లెక్కలను చూచినచో దొరకదా యని అడుగువారున్నారు. 1871 మొదలు 2011 వరకు పదేండ్లకొకసారి లెక్కించిరి గాని, నాటి ఇంటింటి కాగితములు నిలువలేదు, మొత్తములే అచ్చయినవి. ఆ దారిన కాలము వ్యర్థము చేసికొనకుండుట మేలు.

ఓడనెక్కినవాని జాడ

ఊరిలో సెంటు భూమియు లేక ఏ లెక్కకు ఎక్కనివాడు, ఊరు విడిచి ఓడనెక్కినంతనే సంపూర్ణముగా లెక్కకెక్కెను. 1860 అక్టోబరులో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16న నేటాలు రేవు చేరెను. అది మొదలు 1911 వరకు ఒప్పంద కూలీలుగా నేటాలునకు పోయినవారు 1,52,184 మంది. అందు హెచ్చుమంది మద్రాసు రేవునుండి వెళ్ళిన తమిళులు, తెలుగువారు. ఓడ పట్టీలో ప్రతివానికి ఒక నెంబరు వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ, గ్రామము, తాలూకా, జిల్లా వ్రాసిరి. ఊరిలో ఉండిపోయిన అన్నకు పట్టాలో పేరొక్కటే మిగిలెను. వెళ్ళిపోయిన తమ్మునికి మోకాటి మచ్చతో సహా మిగిలెను. మారిషస్సునకు పోయినవారి పత్రములు అచ్చటి మోకా పట్టణమున మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నవి. కొందరికి ఛాయాచిత్రములును కలవు.

ఈ పట్టీలతో వచ్చువారికి పంచాయతీ సభ్యుడు చేయదగిన సహాయము ఏ కార్యాలయమువారును చేయలేరు. ఊరి పేర్లను గుమాస్తాలు చెవికి వినబడినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనిరి. చికాకోల్ అన్నది శ్రీకాకుళమని, వైజగపటాం అన్నది విశాఖపట్టణమని చాలమంది ఎరుగుదురు. కాని ఒక పాలెమో, పేటయో ఏ గ్రామమునకు శివారు, ఏ శివారు ఏ చెరువు క్రింద మునిగి వేరొకచోట వెలసినది అను సంగతి ఊరివారికే తెలియును. జిల్లాలును మారినవి. నాటి శ్రీకాకుళము గంజాం జిల్లాలోనిది. 1859లో గుంటూరు కృష్ణా జిల్లాలో కలిసి, 1904లో మరల వేరయినది. అనంతపురము 1882 వరకు బళ్ళారిలో భాగము. చిత్తూరు జిల్లా 1911లో పుట్టినది. 2016లో తెలంగాణమునను, 2022లో ఆంధ్రప్రదేశమునను జిల్లాలు తిరుగ విభజింపబడినవి. కాగితములోని జిల్లా పేరు నేటి పటములో కనబడలేదని వచ్చినవానిని త్రిప్పిపంపరాదు.

వచ్చినవారి సంతోషమును చూచి తొందరపడి చుట్టరికము కలుపుటయు మంచిది కాదు. పేరు కలిసినది చాలదు. తండ్రి పేరు కలియవలెను. వీలైనచో ఆ తండ్రి పేరనో అన్న పేరనో ఆ కాలపు పట్టా కనబడవలెను. ఈ మూడును కుదిరిననాడు నమ్మవచ్చును. కుదరనిచో “ఊరు ఇదే, ఇల్లు తెలియలేదు” అని నిజము చెప్పుటయే మర్యాద.

మరియొక హెచ్చరిక. ముత్తాత పేర 1870లో పట్టా ఉండెనని తేలినంతమాత్రాన నేడు ఆ చేనిపై హక్కు రాదు. నడుమ జరిగిన విక్రయములు, పంపకములు, చట్టములు ఎన్నో ఉన్నవి. ఈ అన్వేషణను పాత తగవులు తవ్వుటకు వాడుకొనజూచువారికి సభ్యులు మొదటనే ఈ మాట చెప్పవలెను.

కరణములు, మునసబుల ఉద్యోగములు 1984లో రద్దయినవి. అప్పుడు దఫ్తరములు అప్పగించినను, పూర్వపు కరణముల ఇండ్లలో అటకలమీద కవిలెకట్టలు నేటికిని ఉండవచ్చును. అట్టివి కనబడినచో జిగురుతో అతికింపరాదు, ప్లాస్టికు కాగితములో కాచి మూయరాదు, ఎండలో ఆరబెట్టరాదు. చెదలు తగలనిచోట పొడిగుడ్డలో చుట్టి యుంచి, ఒక్కొక్క పుట ఫోటో తీయించి, ఏ ఇంట దొరకినది, ఎవరు ఇచ్చినది, ఏ తేదీన అను మూడు సంగతులును పంచాయతీ పుస్తకములో వ్రాసి, తహసీల్దారుకు తెలియజేయవలెను. గట్టులకు, వాగులకు, చేలకు ఊరివారు పిలుచు పేర్లను వృద్ధుల నడిగి ఆ పుస్తకములోనే వరుసగా వ్రాసి, ప్రతి పేరు ప్రక్కను సర్వే నెంబరు వేయవలెను.