టైరులోని గాలి

మోటారుకారు నడచుటకు పెట్రోలు కావలెనని యెల్లరు నెరుగుదురు. కాని యా కారు భారమును ముఖ్యముగా మోయుచున్నది టైరులోని గాలియే యని తలచువారు కొలదిమంది. గాలి తగినంత లేనిచో ఎంత వెలగల టైరైనను తన పని చేయజాలదు.

గాలి నింపిన చక్రమునకు 1845లో రాబర్టు విలియం థామ్సను మొదట పేటెంటు పొందెను. కాని యది వాడుకలోనికి రాలేదు. బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి కుదుపు తగ్గించుటకై యత్నించి, 1888లో మరల పేటెంటు పొందెను. నాటినుండి యీ టైరు లోకమంతట వ్యాపించెను.

ఈ గాలి యొత్తిడిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని కొలుతురు. చిన్న కారులకు సాధారణముగా 30 మొదలు 35 పౌనుల వరకు వలయును. సరియైన సంఖ్య డ్రైవరు తలుపు ప్రక్కనున్న చీటీపై వ్రాయబడి యుండును. టైరు ప్రక్కభాగమున అచ్చువేసిన సంఖ్య గరిష్ఠ పరిమితి. దానిని జూచి గాలి నింపరాదు.

వేసవిలో టైరు పగులునను భయముచే కొందరు గాలి తగ్గించి నింపింతురు. మరికొందరు దారిలో నాగి, టైరు వేడిగా నుండుట చూచి గాలి వదలుదురు. ఇది మేలనుకొని చేయు కీడు. పాఠశాలలో నేర్చిన వాయు నియమముచే దీనిని లెక్కింపవచ్చును.

ఉదయమున 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 32 పౌనులు నింపితిమనుకొందము. గేజి చూపునది, బయటి గాలికంటె లోపలి యొత్తిడి యెంత ఎక్కువయో యంతమాత్రమే. కావున బయటి యొత్తిడి 14.7 కలుపగా మొత్తము 46.7 అగును. ఉష్ణమానమునకు 273 కలుపగా 300. ప్రయాణములో లోపలి గాలి 57 డిగ్రీలకు వేడెక్కిన, అది 330 అగును. 46.7ను 330చే హెచ్చించి 300చే భాగింపగా 51.4 వచ్చును. అందు 14.7 తీసివేయగా గేజి సుమారు 37 చూపును. ఈ 5 పౌనుల పెరుగుదలను తట్టుకొనునట్లే టైరు నిర్మింపబడినది. అప్పుడు గాలి వదలి 32కు తెచ్చినచో, మరునాటి యుదయమునకు 28 పౌనులైనను మిగులవు.

తక్కువ గాలితో నేమి కీడు? ఇనుప తీగను పలుమారు వంచిన వేడెక్కును గదా! అటులే గాలి తగ్గిన టైరు ప్రక్కలు చక్రము తిరిగినప్పుడెల్ల మిక్కిలి వంగి వేడెక్కును. ఆ వేడిచే లోపలి పొరల పట్టు సడలును. అధిక వేగము, బరువు, ఎండ తోడైన టైరు పగిలి, కారు అదుపు తప్పి ప్రాణములకే ముప్పు కలుగును. గాలి మిక్కిలి యెక్కువైనను మంచిది కాదు. టైరు నడిమిభాగ మరిగి, నేలపై పట్టు తగ్గును. గాలి తక్కువైనచో అంచులు రెండును అరుగును.

పరీక్షించు విధ మిది. కారు మూడు గంటలైన నిలిచియున్న పిమ్మట, నడుపకముందే చూడవలయును. వాల్వు మూత తీసి, గేజిని గాలి చప్పుడు రాకుండునట్లు నిలువుగా నొక్కి చదువవలయును. తక్కువైన నింపి, మరల కొలిచి, మూత బిగింపవలయును. స్టెప్నీని మరువరాదు. మంచి టైరునుండియు నెలకు సుమారు ఒక పౌను గాలి తనంత తగ్గును. కావున నెలకొక్కమారైనను, దూర ప్రయాణమునకు ముందును చూచుట యవసరము. ఒకే టైరు మాటిమాటికి తగ్గుచుండినచో, మేకు గ్రుచ్చుకొనెనో వాల్వు కారుచున్నదో చూపింపవలయును.

అమెరికా దేశమున టైర్ల లోపములవలన ననేక ప్రమాదములు కలిగిన పిమ్మట 2000లో ఒక చట్టము చేసిరి. దాని ననుసరించి 2007 సెప్టెంబరు నుండి అచ్చటి కొత్త కారులన్నిటికి గాలి తగ్గుటను తెలుపు దీపము తప్పనిసరి యయ్యెను. ఐనను ఒత్తిడి నాల్గవ వంతు తగ్గువరకు ఆ దీపము వెలుగకపోవచ్చును. 32 ఉండవలసినచోట 24 పౌనులకు దిగువరకు ఊరకుండవచ్చును. దీపము గేజికి బదులు కాజాలదు.

విద్యార్థులారా! మీ యింటివారు కారులో ప్రయాణమునకు సిద్ధపడునపుడు, టైర్ల గాలి చూచితిరా యని యడుగుడు. అయిదు నిమిషముల యీ పని యింటిల్లిపాదిని క్షేమముగా గమ్యము చేర్చును.