టూర్‌లో ఉన్నప్పుడు తుఫాను వస్తే ఫోన్ ఎలా వాడాలి? హుద్‌హుద్ నేర్పిన పాఠాలు

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా, ర్యామ్, ప్రాసెసర్ చూస్తాం. మరి కరెంటు, నెట్‌వర్క్ రెండూ మూడు రోజుల పాటు లేకపోతే ఆ ఫోన్ ఎందుకు పనికొస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు నాకు 2014 అక్టోబరులో వైజాగ్‌లో దొరికింది.

మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర చిలమకూరు. ఎండలు తెలుసు, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము తెలుసు, తుఫాను గాలి మాత్రం మాకు తెలీదు. నాయన, అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలతో సముద్రం చూడ్డానికి 8వ తేదీన వైజాగ్ చేరాం. అప్పటికి తుఫాను ఇంకా అండమాన్ దగ్గరే ఉంది. 11న తిరుగు రైలు రద్దయింది. 12వ తేదీ ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ సరిగ్గా వైజాగ్ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉంది.

1. ముందే ఒక్క మనిషికి చెప్పి పెట్టండి

రైలు లేదని తెలియగానే ఊళ్లో ఉన్న మా చిన్నాయనకు ఫోన్ చేశాను.

"చిన్నాయనా, రేపట్నుంచి మా ఫోన్లు కలవకపోవచ్చు. ఎవరడిగినా లాడ్జీలోనే ఉండామని చెప్పు. సిగ్నల్ దొరికితే ముందు నీకే చేస్తా."

"సరేరా అబ్బీ, పిల్లోళ్లు జాగ్రత్త" అన్నాడు.

లాడ్జీ పేరు, అడ్రసు, ల్యాండ్‌లైన్ నంబరు కూడా ఆయన చేత రాయించాను. ఇందులో టెక్నాలజీ ఏమీ లేదు. కానీ మా ఇంటికి ఎక్కువగా పనికొచ్చింది ఇదే. తుఫాను తర్వాత ఒకటో రెండో నిమిషాలు సిగ్నల్ వస్తే పదిమందికి ఫోన్ చేయలేం. తుఫాను లేని ఊళ్లో ఉన్న ఒక్క మనిషికి కబురు అందితే, మిగతా అందరికీ ఆయనే చెప్తాడు.

2. టవర్ నిలబడినా సిగ్నల్ ఎందుకు పోతుంది?

చాలామంది టవర్ కూలితేనే సిగ్నల్ పోతుందనుకుంటారు. నిజానికి కరెంటు పోయాక టవర్ కొన్ని గంటలు బ్యాటరీ మీద, తర్వాత డీజిల్ జనరేటర్ మీద నడుస్తుంది. రోడ్ల మీద చెట్లు పడితే డీజిల్ వెళ్లే దారి ఉండదు. ఫైబర్ కేబుల్ తెగినా, గాలికి యాంటెన్నా పక్కకు తిరిగినా అంతే సంగతి. అందుకే గాలి తగ్గిన మరుసటి రోజే నెట్‌వర్క్ వస్తుందని లెక్క వేసుకోవద్దు. రెండు సిమ్‌లుంటే రెండూ ఒకే కంపెనీవి కాకుండా చూసుకోండి.

3. బ్యాటరీ లెక్క

మా లాడ్జీ జనరేటర్‌లో డీజిల్ ఆ రాత్రికే అయిపోయింది. మా దగ్గర రెండు స్మార్ట్‌ఫోన్లు, నాయన కీప్యాడ్ ఫోన్ ఉన్నాయి. ఒక స్మార్ట్‌ఫోన్ పూర్తిగా ఆఫ్ చేసి దాచాం. రెండోది ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మూడు గంటలకోసారి ఐదు నిమిషాలు మాత్రమే నెట్‌వర్క్ ఆన్ చేశాం. సిగ్నల్ లేని చోట ఫోన్ ఊరికే ఉండదు, టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. బ్యాటరీ తొందరగా దిగిపోయేది అందుకే. కీప్యాడ్ ఫోన్‌ను మాత్రం ఆన్‌లోనే ఉంచాం.

ఇప్పటి లెక్క చెప్పాలంటే, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండుసార్లు నింపదు. ఓల్టేజీ మార్పులో, వేడిలో కొంత పోతుంది కాబట్టి ఒకటిన్నర సార్ల దాకా వస్తుందనుకోండి. కుటుంబంతో టూర్ వెళ్తే 20,000 ఎంఏహెచ్ తీసుకోవడం మేలు. చీకట్లో ఫోన్ టార్చ్ వాడి బ్యాటరీ ఖర్చు చేయకుండా విడిగా ఒక చిన్న టార్చ్ లైటు పెట్టుకోండి.

4. గాలి ఆగింది కదా అని బయటికి రావద్దు

పొద్దున్నుంచి గాలి హోరు. కిటికీ అద్దం ఒకటి పగిలాక అందరం మంచాలు వదిలి, కిటికీలు లేని వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి తగ్గింది. పక్క గదివాళ్లు కొందరు ఫోటోలు తీయడానికి మెట్లు దిగబోయారు. లాడ్జీ మేనేజరు తలుపుకు అడ్డం నిలబడి, "ఇది తుఫాను కన్నండి, మళ్లీ వస్తాది" అని ఆపాడు. కాసేపటికి గాలి ఈసారి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. అప్పటిదాకా ఒక వైపుకు వంగిన రేకులు, కొమ్మలు రెండో వైపుకు ఎగిరాయి. ఆయన ఆ మాట చెప్పకపోతే ఎవరో ఒకరు రోడ్డు మీద ఉండేవాళ్లు.

తుఫాను కన్ను మీదుగా వెళ్తే గాలి కాసేపు ఆగుతుంది, అంతే. గాలి పూర్తిగా తగ్గిందని అధికారులు చెప్పేదాకా వీడియోలు, రీల్స్ కోసం గడప దాటొద్దు.

5. నెట్ లేనప్పుడు రేడియో

ఆ రెండు రాత్రులు మాకు వార్తలు చెప్పింది మేనేజరు పాత ట్రాన్సిస్టరే. మీడియం వేవ్ రాత్రిపూట చాలా దూరం వెళ్తుంది కాబట్టి దూరపు స్టేషన్లు కూడా వినిపిస్తాయి. స్మార్ట్‌ఫోన్లలో ఎఫ్ఎం మాత్రమే ఉంటుంది, చాలా మోడళ్లలో అదీ లేదు. అందుకే 2023లో కేంద్ర ఐటీ శాఖ ఎఫ్ఎం రేడియో తీసేయొద్దని ఫోన్ కంపెనీలకు సూచించింది. మీ ఫోన్‌లో ఎఫ్ఎం ఉంటే వైర్ ఇయర్‌ఫోన్ ఒకటి బ్యాగులో వేసుకోండి. చాలా ఫోన్లకు ఆ వైరే యాంటెన్నా.

6. కాల్ కాదు, ఎస్ఎంఎస్

14వ తేదీ బస్సు దొరికింది. తుని దగ్గరికి వచ్చేసరికి నాయన ఫోన్‌లో ఒక గీత సిగ్నల్ కనిపించింది. కాల్ రెండుసార్లు కలవలేదు. "అందరం బాగుండాం, బస్సులో వస్తాండాం" అని పంపిన ఎస్ఎంఎస్ వెళ్లింది. మెసేజ్‌కు కాల్ లాగా లైను ఖాళీగా ఉండాల్సిన పని లేదు, అవతలి ఫోన్ దొరకకపోతే నెట్‌వర్క్ దాచిపెట్టి తర్వాత అందిస్తుంది. రెండు రోజులుగా అన్నం సరిగా తినని మా జేజికి ఆ ఒక్క లైను చదివి వినిపించింది చిన్నాయనే.

బయలుదేరే ముందు ఇవి చేసుకోండి

- వెళ్లే జిల్లా మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేయండి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు.
- వాతావరణ శాఖ 'మౌసమ్', ఎన్డీఎంఏ 'సచేత్' యాప్‌లు వేసుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి.
- మందుల చీటీలు, ఆధార్, టికెట్ల ఫోటోలు ఫోన్ గ్యాలరీలోనే ఉంచండి, క్లౌడ్‌ను నమ్ముకోవద్దు. నాయన ఇన్సులిన్ పేరు, డోసు ఉన్న ఫోటో చూపిస్తేనే వైజాగ్‌లో తెరిచి ఉన్న ఒకే ఒక మందుల షాపులో మాకు మందు దొరికింది.
- నోట్లు దగ్గర పెట్టుకోండి. నెట్‌వర్క్ పోతే క్యూఆర్ కోడ్ గోడ మీద బొమ్మే.
- ముఖ్యమైన ఐదు నంబర్లు కాగితం మీద రాసి, పిల్లల జేబులో కూడా ఒక కాపీ వేయండి.
- స్క్రీన్ మీద 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని ఉంటే 112కు ప్రయత్నించండి. మీ కంపెనీ టవర్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ మీద కలిసే అవకాశం ఉంది.
- ఫోన్ తడిస్తే వెంటనే ఆఫ్ చేసి, తుడిచి, ఆరనివ్వండి. తడిగా ఉండగా చార్జింగ్ పెట్టొద్దు. ఐపీ68 రేటింగ్ మంచినీళ్ల టెస్టుతో ఇచ్చేది, ఉప్పునీటికి అది గ్యారంటీ కాదు.

ఈ జాబితాలో ప్రతి పనీ నెట్‌వర్క్ ఉన్నప్పుడు చేయాల్సిందే. ఈసారి టూర్‌కు బట్టలు సర్దేటప్పుడు ఒక అరగంట ఫోన్‌కు కూడా కేటాయించండి. ఊళ్లో మీ 'చిన్నాయన' ఎవరో ముందే అనుకోండి.