మూగవోయిన హార్మోనియం

పాఠ్యభాగ ఉద్దేశం

పాతవస్తువును బాగుచేయడం వేరు, దానిని కొత్తవస్తువుగా మార్చడం వేరు. ఈ రెండింటికీ గల భేదాన్ని కడప జిల్లా నాటకరంగంతో ముడివడిన ఒక వాద్యం ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠ్యాంశం

ప్రొద్దుటూరు పాత వీధులలో ఒక మిద్దె యిల్లు చేతులు మారిందనుకొందాం. అమ్మినవారు మంచాలు, బిందెలు, దేవుని పటాలు తీసుకొనిపోయారు. కొట్టుగది మూలలో గోనెపట్టా కప్పిన ఒక టేకుపెట్టెను మాత్రం విడిచిపెట్టారు. పట్టా తొలగించి చూస్తే అది కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయించే హార్మోనియం. తొక్కితే తిత్తి బుసకొట్టింది గాని ఒక్క మెట్టూ సరిగా పలుకలేదు. చూడవచ్చిన వారిలో ఒకరు పాతసామాన్ల వర్తకునికి వేయమన్నారు. మరొకరు రంగు పూయించి ముందుగదిలో అలంకారంగా ఉంచమన్నారు. బాగుచేయిస్తే పలుకుతుందేమో అని ఇంకొకరు సందేహంగా అన్నారు. ఈ మూడు మాటలలో ఏది మేలైనదో తేల్చుకోవాలంటే ఆ పెట్టె ఎవరిదో, ఎందుకు మూగవోయిందో ముందు తెలియాలి.

హార్మోనియం మన దేశంలో పుట్టిన వాద్యం కాదు. 1840 ప్రాంతంలో ఫ్రాన్సు దేశస్థుడైన అలెగ్జాండ్రే డెబైన్ తాను రూపొందించిన వాద్యానికి ఈ పేరు పెట్టాడు. అప్పటికి ఐరోపాలో సంపన్నుల యిండ్లలో పియానో ప్రధానవాద్యం. పియానోలో రెండు వందలకు పైగా ఉక్కుతీగలు బిగించి ఉంటాయి. ఆ బరువైన వాద్యాన్ని దూరప్రాంతాలకు చేర్చడం, చేర్చినా మన ఎండలలో దాని శ్రుతిని నిలుపుకోవడం కష్టం. హార్మోనియానికి తీగలు లేవు. అందుచేత క్రైస్తవ మిషనరీలు ప్రార్థనగీతాల కోసం దానిని తమవెంట తెచ్చుకొన్నారు. మన జిల్లాలో లండన్ మిషన్ వారి వైద్యశాలతో పేరుపొందిన జమ్మలమడుగు అటువంటి మిషన్ కేంద్రాలలో ఒకటి. మరొకవైపు, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో స్థాపించిన ద్వారకిన్ సంస్థ, నేలపై కూర్చుండి ఒక చేతితో తిత్తి ఆడిస్తూ వాయించదగిన చిన్న హార్మోనియాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆ విధంగా విదేశీవాద్యం దేశీయమైంది.

తెలుగునాట హార్మోనియానికి గొప్ప ఆశ్రయం లభించినది నాటకరంగంలోనే. ఆ రంగచరిత్రలో కడప జిల్లాకు విశిష్టస్థానం ఉంది. పులివెందుల ప్రాంతంలోని చక్రాయపేట మండలంలో సురభి అనే గ్రామం ఉంది. తోలుబొమ్మలాటను జీవనాధారంగా చేసుకొన్న కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు 1885లో అక్కడ 'కీచకవధ' నాటకాన్ని ప్రదర్శించాడు. ఆ ఊరిపేరే తరువాత సురభి నాటకసమాజాలకు పేరైంది. కుటుంబసభ్యులందరూ నటులుగా, స్త్రీపాత్రలను స్త్రీలే ధరిస్తూ ఆ సమాజాలు తెలుగుదేశమంతటా సంచరించాయి. తదనంతర కాలంలో పద్యనాటకం వర్ధిల్లినప్పుడు హార్మోనియం రంగస్థలానికి ఊపిరియైంది. మైకులు లేని ఆ రోజులలో చివరి వరుసలోని ప్రేక్షకునికి వినబడాలంటే నటుడు హెచ్చుశ్రుతిలో పాడవలసి వచ్చేది. ఆ గొంతుకు ఆధారం హార్మోనియమే. కాళ్ళతో తొక్కే రకంలో రెండు చేతులకూ స్వేచ్ఛ ఉంటుంది కనుక, రాగాలాపనలో నటుణ్ణి వెన్నంటిపోవడానికి అది మరింత అనువైనది.

అంతటి వైభవం క్రమంగా తగ్గింది. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' విడుదలైన తరువాత ప్రేక్షకులు సినిమావైపు మరలసాగారు. హార్మోనియం మెట్లు స్థిరస్వరాలనే పలికిస్తాయనీ, మన సంగీతానికి ప్రాణమైన గమకాలు వాటిపై పలుకవనీ సంగీతజ్ఞులలో కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో కొంత సత్యం లేకపోలేదు. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో ఈ వాద్యాన్ని తన ప్రసారాలలో నిషేధించింది. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. ఇట్లా ఒకచోట ఆదరణ తగ్గి, మరొకచోట ప్రవేశం లేక, ఎన్నో హార్మోనియాలు కొట్టుగదులకు చేరాయి. వాయించిన పెద్దలు గతించిన పిమ్మట ఇల్లు మారేవారికి అవి మోయలేని బరువులైనాయి.

మూగవోయిన వాద్యం చెడిపోయిన వాద్యమే కానక్కరలేదు. హార్మోనియంలో ప్రతి స్వరానికీ ఒక ఇత్తడి నాలుక ఉంటుంది. దానినే రీడు అంటారు. దాని ఒక కొన బిగించి ఉంటుంది, రెండవ కొన సన్నని చీలికపై స్వేచ్ఛగా ఉంటుంది. మెట్టు నొక్కినప్పుడు దాని అడుగున ఉన్న మూత తెరుచుకొంటుంది. తిత్తి కదలిక వలన గాలి ఆ చీలికగుండా సాగి నాలుకను కంపింపజేస్తుంది. అదే నాదం. కడప జిల్లా వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కొయ్య కుంచించుకొని, జిగురు పొడిబారి అతుకులు విడుతాయి. వానాకాలపు తేమకు మెట్లు ఉబ్బి పట్టుకొంటాయి. ఎలుకలు తిత్తిగుడ్డను కొరుకుతాయి. చెదలు కొయ్యను తొలుస్తాయి. అయినా ఇత్తడినాలుకలను చెద ముట్టదు. తరచుగా వాటిపై పేరుకొన్న దుమ్మే స్వరాన్ని అణచివేస్తుంది.

అందుచేత బాగుచేసే పనికి ఒక క్రమం ఉంది. ముందుగా ఇల్లు అమ్మినవారిని కలిసి ఆ వాద్యాన్ని ఎవరు వాయించారో, ఎక్కడ వాయించారో అడిగి వ్రాసుకోవాలి. వారు దానిని తిరిగి కోరుకొంటున్నారేమో కూడా తెలుసుకోవాలి. తరువాత పలికినంత వరకు ప్రతి మెట్టు ధ్వనినీ సెల్‌ఫోనులోనైనా ముద్రించి ఉంచాలి. పెట్టె విప్పేటప్పుడు ప్రతి రీడుకూ సంఖ్య వేసి, దాని స్థానాన్ని గుర్తించాలి. మెత్తని కుంచెతో దుమ్ము తొలగించాలి. చిరిగిన తిత్తికి కొత్తగుడ్డ, కొత్తతోలు అతికించాలి. ఇంతమాత్రం చేత చాలా స్వరాలు తిరిగి పలుకుతాయి. ఈ పనులలో ఏది పొరపాటైనా దిద్దుకొనే వీలుంది. అతికించిన తోలును మళ్ళీ ఊడదీయవచ్చు.

శ్రుతి సవరించడం అటువంటిది కాదు. నాలుక కొనను గీకితే శ్రుతి హెచ్చుతుంది, మొదలును గీకితే తగ్గుతుంది. గీకినప్పుడు రాలిన ఇత్తడి పొడిని మరల నాలుకకు చేర్చడం ఎవరితరమూ కాదు. పూర్వం అన్నిచోట్లా ఒకే శ్రుతి ఉండేది కాదు. ఐరోపా సంగీతంలో 'ఏ' అనే స్వరానికి 1859లో ఫ్రాన్సు ప్రభుత్వం సెకనుకు 435 కంపనాలను ప్రమాణంగా నిర్ణయించింది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం దానిని 440గా స్థిరపరచింది. పాతవాద్యం ఈనాటి ప్రమాణానికి సరిపోలేదంటే అది తప్పు పలుకుతున్నదని అర్థం కాదు. తన కాలపు శ్రుతిని అది దాచుకొని ఉండవచ్చు. ఒంటరిగా పాడే గాయకునికి ఈ తేడా అడ్డంకి కాదు. మన సంప్రదాయంలో ఆధారషడ్జమాన్ని గాయకుడే తన గొంతుకు తగినట్లు ఎన్నుకొంటాడు. కనుక స్వరాలు తమలో తాము పొసగుతున్నాయా అన్నదే ముందు పరీక్షించాలి. శుభ్రపరచిన తరువాత కూడా అపస్వరం పలికే రీడును మాత్రమే, అనుభవజ్ఞుని చేత, అవసరమైనంత మేరకే సవరింపజేయాలి.

ఇప్పుడు మొదటి మూడు మాటలను మరల పరిశీలిద్దాం. అమ్మివేస్తే వస్తువు పోతుంది. రంగు పూసి నిలబెడితే రూపం మిగిలి నాదం పోతుంది. తొందరపడి బాగుచేయిస్తే నాదం వస్తుంది గాని ఆ వాద్యానిదైన గుర్తు చెరిగిపోతుంది. ఓర్పుతో బాగుచేసినప్పుడే మూడూ దక్కుతాయి. ఆ తరువాత కూడా వాద్యం నిలవాలంటే దాని ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి. వాడని హార్మోనియం రెండు వేసవులలో మళ్ళీ బుసకొట్టడం మొదలుపెడుతుంది. అందుకే ఇంట్లోని పిల్లలలో ఒకరికి సరళీస్వరాలు నేర్పించడం కూడా మరమ్మతులో భాగమే. బాగైన రోజున, ఇల్లు అమ్మి వెళ్ళినవారిని పిలిచి ముందువరుసలో కూర్చుండబెట్టి, వారి పెద్దల వ్రేళ్ళు నడయాడిన మెట్లపై ఒక పద్యం వినిపించగలిగితే, ఆ పెట్టె తన ఇంటికి నిజంగా తిరిగివచ్చినట్లే.

పదాలు – అర్థాలు

తిత్తి = గాలిని నింపి వదిలే తోలుసంచి
హెచ్చుశ్రుతి = ఎక్కువ స్థాయిలోని స్వరం
ఆక్షేపించు = తప్పుపట్టు
గమకం = స్వరాన్ని కదిలించి పలికే పద్ధతి
ఆధారషడ్జమం = పాటకు మూలంగా నిలిచే 'స' స్వరం

ప్రశ్నలు

1. తెలుగు నాటకరంగంలో హార్మోనియం ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. తిత్తిని బాగుచేయడానికి, శ్రుతిని సవరించడానికి గల భేదమేమి?
3. మీ ఇంట్లోగాని, మీ ఊరిలోగాని వాడుక తప్పిన ఒక పాతవస్తువును గూర్చి పెద్దలనడిగి ఒక పుటకు మించకుండా వ్రాయండి.